తువ్వాలు వేసిన సీటు

హిందూపురం బస్టాండులో ధర్మవరం బస్సు ఆగీ ఆగకముందే ఒకాయన కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరాడు. మా వైపు తువ్వాలు పడితే సీటు రిజర్వయినట్టే. ఆయన తోసుకుంటూ ఎక్కేసరికి, నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకుని ఒకామె అందులో కూర్చుని ఉంది.

"ఏమమ్మా, తువ్వాలు కనపడలేదా? ముందు వేసినోనిదే హక్కు," అన్నాడు.

ఆమె లేచింది. బస్సు కదిలాక, ఒంటిచేత్తో కడ్డీ పట్టుకుని నిలబడలేక, "సీటు నీదేలేన్నా. బిడ్డను రోంతసేపు ఒళ్లో పెట్టుకో," అంది.

"నీ బిడ్డను మోసే బాధ్యత నాకేంటికి?" అంటూ ఆయన అదే తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. చుట్టూ కూర్చున్నవాళ్లందరికీ ఒక్కసారిగా నిద్ర ముంచుకొచ్చింది. నేను వెనక జనంలో ఇరుక్కుని చూస్తున్నాను.

పెనుకొండలో ఆయన దిగాడు. ఆమె కూర్చోబోయేంతలో కిటికీలోంచి ఇంకో తువ్వాలు వచ్చి సీటు మీద పడింది.

ఆమె దాన్ని తీసుకుంది. బిడ్డ మెడ మీది చెమటంతా దాంతోనే తుడిచి, మడిచి, మళ్లీ సీటు మీదే పెట్టింది.

"ఇంకొక హక్కుదారు వస్తాండాడు," అంటూ పక్కకు జరిగింది.

ఆ ఆసామి ఎక్కాడు, కూర్చున్నాడు, ఆ తువ్వాలుతో మొహం తుడుచుకుని కళ్లు మూసుకున్నాడు.