పెద్దమ్మ ఇంట్లో మందుపెట్టెలు

పోయిన ఆదివారం పొద్దున అమ్మ ఫోన్ చేసి, “పెద్దమ్మ పోయింది, బిడ్డా” అంది. చర్చికి వెళ్దామని చీర కట్టుకుని కుర్చీలో కూర్చున్న మనిషి అట్లాగే ఒరిగిపోయిందట. సుచిత్ర చౌరస్తాలో బస్సెక్కి మేడ్చల్ చేరేదాకా నా కళ్లు ఆరలేదు. ఆమె మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. అయినా మా అమ్మ ఈ రోజు బతికి ఉందంటే ఆమె వల్లే.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు అమ్మకు టీబీ అని తేలింది. సర్కారు దవాఖానలో మందు ఉచితమే. కానీ రోజు విడిచి రోజు వెళ్లి నర్సమ్మ ముందరే మింగాలి. దవాఖాన తెరిచేది తొమ్మిదింటికి. ద్రాక్షతోటకు కూలీలను తీసుకుపోయే ట్రాక్టరు ఆరింటికే వెళ్లిపోయేది. రెండు నెలలకు దగ్గు తగ్గేసరికి, “ఇగ గోలీలెందుకు?” అని అమ్మ తోటబాట పట్టింది. మా వాడలో అందరూ చేసే పొరపాటే అది. నాకూ ఆ మాట సబబుగానే తోచింది.

పెద్దమ్మకు మాత్రం ఒళ్లు మండింది. ఆమె భర్త అట్లాగే సగంలో మందు ఆపి చనిపోయాడు. కుళాయి దగ్గర ఆమె నోటికి జడవని వాళ్లు లేరు. ఆ నోటితోనే అమ్మనూ, అదే మందు మింగాల్సిన మరో నలుగురు కూలీ ఆడవాళ్లనూ వెంటబెట్టుకుని డాక్టరు ముందు నిలబడింది. నేనూ వెళ్లాను.

“సారూ, తోట బండి ఆరింటికొస్తది. మీ తలుపు తొమ్మిదింటికి తెరుస్తరు. వీళ్లు ఏది ఇడిసిపెట్టాలె, కూలా, గోలీలా?”

“మా ముందర మింగాలన్నది రూలమ్మా. నేనేం చేయను?” అన్నాడు డాక్టరు.

“మీ ముందర కాకుంటే నా ముందర మింగుతరు. పెట్టెలు నా ఇంట్ల పెట్టుండ్రి. ఒక్క గోలి తప్పినా నన్నడుగుండ్రి.”

ఆయన ఒప్పుకోలేదు. ఆమె వదల్లేదు. వారం వారం వెళ్లింది. తనిఖీకి వచ్చిన పెద్ద సారును వరండాలోనే ఆపి అదే మాట అడిగింది. చివరికి ఐదుగురి మందుపెట్టెలూ ఆమె ఇంటికి వచ్చాయి. అమ్మ మందు మళ్లీ మొదటి నుంచి మొదలైంది.

ట్రాక్టరు రాకముందే అందరూ ఆమె గడపలో కూర్చునేవారు. ఖాళీ కడుపున మింగితే వికారమని ముందు జొన్న గట్క తాగించేది. “కడుపుల ఏమన్న పడనియ్యి, గోలి దానెనుక పోతది” అనేది. పెట్టెల మీది పేర్లు నలుగురి కంటా పడకుండా పాత క్యాలెండరు కాగితం అంటించింది.

ఒకరోజు అమ్మ గోలి నాలుక కింద దాచి, బయటికొచ్చి మోరీలో ఉమ్మేసింది. పెద్దమ్మ చూసింది. అందరి ముందూ ఏమీ అనలేదు. సాయంత్రం మా ఇంటికి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

“మా ఆయన గిట్లనే ఉమ్మేసిండు. నేను సూసి ఊకున్న. నీ బిడ్డ మొకం సూసన్న మింగవే,” అని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత అమ్మ ఒక్క గోలీ తప్పలేదు.

కొన్నాళ్లకు శామీర్‌పేట వైపు ఊళ్లలోనూ నర్సమ్మలు ఇట్లా ఇళ్లలో పెట్టెలు ఉంచసాగారు. ఆ సంగతి చెబితే పెద్దమ్మ “మంచిగైంది” అని బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

సమాధుల తోట ఊరవతల ఎత్తు మీద ఉంది. ఆటోలో వెళ్దామంటే అమ్మ వినలేదు. శవపేటిక వెనకాలే నడిచింది. ఎండలో ఆ ఎత్తు ఎక్కలేక నేనే సగంలో ఆగాను. అమ్మ ఆగలేదు. ఒక్కసారి కూడా దగ్గకుండా పైదాకా నడిచి, వంగి, రెండు చేతులా మట్టి తీసుకుంది.