పుల్ల వేరే, లడ్డూ వేరే

నేను వంటింట్లో అడుగుపెడితే మా అక్క ఇప్పటికీ ముందు చాక్లెట్ డబ్బా దాచేస్తుంది. ఆ రోజు నేను కొంప ఎలా ముంచానో చెబుతాను. నవ్వుకోండి గానీ, మధ్యలో ఒక్కసారైనా పాపం అనుకోండి.

నాచారంలో ఉండే మా అక్క కూతురు చిన్నికి ఆరో పుట్టినరోజు వస్తోంది. అంతకుముందు వాళ్ల క్లాసులో ఎవరో పుట్టినరోజుకు కేక్ పాప్స్ పంచారట. కేకును ఉండ చేసి, పుల్లకు గుచ్చి, చాక్లెట్‌లో ముంచుతారు, అంతే. చిన్ని నాకు ఫోన్ చేసి అడిగింది.

"మామా, నాకు గూడ గవే గావాలె. కొనుక్కొస్తవా?"

ఉప్పల్‌లో ఒక్కణ్నే గదిలో ఉంటూ, ఆమ్లెట్ మాడకుండా తీయడం అప్పుడప్పుడే నేర్చుకున్న రోజులవి. ఆ పొగరుతో, "కొనుడెందుకు బిడ్డా, నేనే జేస్త" అనేశాను. పిల్ల మర్నాడే క్లాసంతా చాటింది. మా మామనే చేస్తడు, పుల్ల గూడ ఉంటది అని.

ఆదివారం పొద్దున్నే బేకరీ కేకు, చాక్లెట్ దిమ్మలు, పుల్లల కట్ట పట్టుకుని నాచారంలో దిగాను. సాయంత్రం పిల్లలు వస్తారు. కేకు చిదిమి, క్రీము కలిపి ఉండలు చుడుతుంటే అక్క వచ్చి చూసింది.

"ఏందిరా గివి, రేగుపండ్లంత జేస్తున్నవ్?"

"గంతే ఉండాలక్కా. వీడియోల గట్లనే ఉంది."

"వీడియోల చుట్టాలు రారు గద. ఇంటికి పిలిచి గింతంత పెడితే నలుగురు ఏమనుకుంటరు? లడ్డంత జెయ్యి."

నిజమే కదా అనిపించింది. మా ఇంట్లో, పెట్టింది అరచేతి నిండా లేకపోతే పెట్టినట్టే కాదు. పెళ్లి లడ్డూలంత ఉండలు చుట్టి, పుల్లలు గుచ్చి, పళ్లెంలో వరసగా పెట్టాను. చిన్ని చూసి చప్పట్లు కొట్టి వెళ్లింది.

ఇక చాక్లెట్. కరిగింది గానీ కాస్త చిక్కగా ఉంది. మీరే చెప్పండి, పప్పు గట్టిపడితే ఏం చేస్తాం? పులుసు దగ్గరపడితే ఏం చేస్తాం? నేనూ అదే చేశాను. కాసిన్ని నీళ్లు పోశాను.

అప్పటిదాకా నిగనిగలాడిన చాక్లెట్ ఒక్కసారిగా బిగుసుకుని, ఇసుక కలిపిన మట్టిలా గిన్నెకు అతుక్కుపోయింది. గరిటె ఎత్తితే గిన్నె కూడా లేచింది.

"అక్కా, జర ఇటు రా."

"ఏం జేసినవ్‌రా?"

"ఏం లే. నీళ్లు పోసిన."

"నీళ్లు పోస్తే పల్చగ గావాలె గద?"

"నేను గూడ గట్లనే అనుకున్న."

పోనీ ఆ ముద్దనే చేత్తో పూద్దామని ఒక పుల్ల పట్టుకుని లేపాను. పుల్ల ఒక్కటే వచ్చింది. రెండోదీ అంతే. లడ్డూ బరువు మోసే పుల్ల ఒక్కటీ లేదు.

కొత్త గౌను వేసుకుని చిన్ని గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. అలగలేదు. కళ్లనిండా నీళ్లతో మెల్లగా అడిగింది.

"పుల్ల ఉంటదని అందరికి చెప్పిన మామా. ఇప్పుడెట్ల?"

నా ప్రాణం ఉసూరుమంది. ఆఫీసులో మేనేజరు అందరి ముందూ తిట్టినప్పుడు కూడా నాకు అంత సిగ్గనిపించలేదు.

చివరికి అక్కే చేతులకు నెయ్యి రాసుకుని, చాక్లెట్ ముద్దనూ కేకునూ కలిపి పిసికి మళ్లీ లడ్డూలు కట్టింది. ఒక్కోదాని పైన ఒక జీడిపప్పు అద్దింది. అబద్ధమెందుకు, రుచి బాగానే ఉంది. పుల్ల సంగతే తేలలేదు.

పిల్లలు వచ్చారు. ఒక పిల్ల పళ్లెంలోకి తొంగిచూసి, "ఇవి లడ్డూలు గదా, పుల్లేది?" అంది. నేను తలుపు చాటుకు జరిగాను.

చిన్ని ముక్కు తుడుచుకుంది. మిగిలిన పుల్లల కట్ట తెచ్చి, ఒక్కొక్కరికీ ఒక చేతిలో లడ్డూ, ఇంకో చేతిలో పుల్ల పెట్టింది.

"మా మామ జేసేటివి గిట్లనే ఉంటయ్. ముందుగాల లడ్డు తినాలె. పుల్ల ఇంటికి తీస్కపోవాలె."

అందరూ బుద్ధిగా తిని, పుల్లలు భద్రంగా పట్టుకుని వెళ్లారు. మర్నాడు ఒక పిల్లాడి తల్లి అక్కకు ఫోన్ చేసింది.

"మీ తమ్ముడు ఆర్డర్లు తీస్కుంటడా అక్కా? మా బాబు బర్త్‌డేకు పుల్ల వేరేగ ఇచ్చేటివే గావాలని ఒకటే ఏడుపు."

అందుకే కీసరగుట్ట మీది శివుడి వైపు తిరిగి, చెంపలేసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో చాక్లెట్ కరిగించను. కరిగించినా నీళ్లు పోయను. పోసినా, చిన్ని పక్కన లేకుండా ఎవరికీ వడ్డించను.