సన్నబడ్డ సూర్యప్రకాశం

విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే సూర్యప్రకాశం భారీ మనిషి. తార్నాకలోని ఇంటి నుంచి క్లాసుకు నడిచి వచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయేది. బల్లకు ఆనుకుని కాసేపు ఆయాసం తీర్చుకున్నాక గానీ పాఠం మొదలయ్యేది కాదు. ఆ ఆయాసమంటే భార్య వేదవతికి భయం. "సెలవుల్లో ఆ ప్రకృతి వైద్య ఆశ్రమంలో ఉండి ఒళ్లు తగ్గించుకు రండి" అని ఏటా పోరేది. "వచ్చే ఏడు చూద్దాంలే" అంటూ ఆయన ఇంకో రెండు గారెలు వడ్డించమనేవాడు. పందొమ్మిది వందల అరవై ఏడు చలికాలంలో జ్వరమొచ్చి వేదవతే పోయింది.

ఆ తర్వాతి వేసవిలో ఎవరూ చెప్పకుండానే ఆయన ఆశ్రమంలో చేరాడు. పొద్దున పొట్టమీద తడిమట్టి పట్టీ, మధ్యాహ్నం తేనె కలిపిన నిమ్మరసం, సాయంత్రం చెట్ల కింద నడక. తోటివాళ్లు గోంగూర పచ్చడి తలుచుకుని నిట్టూరుస్తుంటే ఆయన లేచి ఇంకో చుట్టు నడిచి వచ్చేవాడు. సెలవులు ముగిశాక తార్నాకలో బస్సు దిగి, జారిపోతున్న పంట్లాం ఒక చేత్తో పట్టుకుని, ఎక్కడా ఆగకుండా ఇంటిదాకా నడిచాడు. ఆ సంబరంలో గేటు తీస్తూనే, "వేదా, ఒకసారి ఇటు వచ్చి చూడు" అని పిలిచాడు. తలుపుకు తాళం వేలాడుతోంది.

పిలుపు విని పక్కింటి సారలమ్మ వచ్చేసరికి ఆయన మెట్టుమీద కూలబడి ఉన్నాడు. "మస్తు సన్నగైండ్రు సార్" అన్నది.

"చెప్పినప్పుడే వెళ్లి ఉంటే చూసేదమ్మా" అన్నాడు. వేదవతి పోయిన రోజున కూడా ఏడవని మనిషి, పట్టపగలు, వీధి చూస్తుండగా ఏడ్చాడు.