చెరకురసంతో చేసిన వైద్యం

ఊళ్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మా మనవరాలికి పదేళ్లు. ఎడం డొక్కలో నొప్పని ముడుచుకుపోయేది, వాంతులు చేసుకునేది. రెండు గంటలు పోయాక లేచి ఆడుకునేది. అలా వచ్చిపోయే నొప్పిని నేను నమ్మలేదు. బడి ఎగ్గొట్టే వేషమనుకున్నాను.

"ఒంట్లో వేడి," అని తేల్చేను. మా తమ్ముడి గానుగ అనకాపల్లి పొలిమేరలోనే. బెల్లం వండే కాలం. వేడికి చెరకురసాన్ని మించిన మందుందంటే మేం ఒప్పుకోం. పైగా ఊరికే వస్తుంది. రోజూ చెంబుడు తెప్పించి, ఎదురుగా కూర్చుని తాగించేదాన్ని.

"వద్దు మామ్మా, తాగితేనే నొప్పొత్తాది."

"తాగితే నొప్పేటే? ఎక్కడైనా ఇన్నావా? అడుగున సుక్క మిగిలిందంటే వీపు సిట్లగొడతాను."

ఒకరోజు ముక్కు మూసి మరీ పోసేను.

డాక్టరుకి చూపిద్దామని కోడలంటే నెలన్నర ఆపింది నేనే. చివరికి మా అబ్బాయి నా మాట తోసేసి విశాఖ తీసుకెళ్లేడు. నేనూ వెళ్లేను. స్కానింగులో ఎడం కిడ్నీ ఉబ్బి ఉంది. సూదిమందు ఎక్కించి ఇంకో పరీక్ష చేసేరు, ఆ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూడ్డానికి. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసేడు. కిడ్నీ దగ్గర మూత్రం గొట్టం మొదలయ్యే చోట పుట్టుకతోనే సన్నమట. ఎక్కువ తాగినప్పుడు మూత్రం దిగలేక అక్కడే నిలిచి, కిడ్నీ సాగి నొప్పి పుడుతుందట.



"ఏమ్మా, తాగితే నొప్పొస్తోందని ఇంట్లో చెప్పలేదా?" అని పిల్లనడిగేడు.

అది నాకేసి చూసింది. "లేదండి," అంది.

"నోరు లేదేటే నీకు?" అని కోడలు దాన్నే కసిరింది. నేను కొంగు సర్దుకున్నాను.

ఆపరేషన్‌లో ఆ సన్నటి ముక్క తీసేసి, మంచి భాగాలు కలిపి కుట్టేరు. లోపల చిన్న గొట్టం పెట్టి కొన్ని వారాలకి తీసేసేరు. కిడ్నీ దక్కింది. కొంత పని మాత్రం అప్పటికే తగ్గిపోయిందన్నారు.

ఇంటికొచ్చాక అడిగేను, "అబద్ధం ఎందుకాడేవే?"

"అమ్మ నిన్ను తిట్టేత్తాదని."

అబద్ధమాడితే వాత పెడతానని దాన్ని పెంచిన మనిషిని. కోడలికి చెప్పేద్దామని వంటింటి గుమ్మం దాకా వెళ్లి, పప్పులో ఉప్పు తగ్గించమని చెప్పి వచ్చేసేను.

నాది రెండో తరగతి చదువు. ఇది కోడలు చదువుతుందని తెలిసే రాసేను.