పొల్లాచ్చి బస్సెక్కిన అక్క

పాత సినిమాను మళ్లీ తీస్తే ఇప్పటివాళ్లు ఫోన్లలో తిట్టుకుంటారు. మా మనవరాలైతే కొత్తది చూడకముందే తిట్టడం మొదలుపెడుతుంది. మేము అలా చేయలేదు. టికెట్టు కొని, ఆఖరు దాకా చూసి, ఆ తర్వాత థియేటరు మేనేజరును నిలబెట్టి తిట్టాం. తిట్టడానికైనా ఒక పద్ధతి ఉండాలి కదా.

అప్పుడు మాది సింగానల్లూరు. మిల్లు పక్కనే లైను ఇళ్లు. ఇంట్లో తెలుగు, వీధి దాటితే తమిళం. నేను వైండింగులో, మా మేనత్త రీలింగులో పనిచేసేవాళ్లం. షిఫ్టు అయిందని మిల్లు సంగు ఊదగానే అత్త తలలో దూది నూగుతోనే ఇంటికి వచ్చి, బిందె చంకన పెట్టుకుని పంపు దగ్గరికి పోయేది. నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. బిందెలను వరసలో పెట్టి ఆడవాళ్లందరూ పక్కనే చతికిలబడేవాళ్లు. అత్త అక్కడ సినిమా చెప్పేది.

లైనులో ఆడవాళ్లందరూ సినిమాకు పోవడం కుదిరే పని కాదు. ఒకరికి షిఫ్టు, ఒకరికి చంటిబిడ్డ, ఇంకొకరికి గడప దాటనివ్వని అత్తగారు. అందుకని అందరి తరఫునా మా అత్త ఒక్కతే పోయి చూసొచ్చి, వారమంతా కొసరి కొసరి చెప్పేది. తమిళంలో చూసింది తెలుగులో చెప్పేది. ఆమె చెబితే హీరో బంగళా మా చుట్టాల కొబ్బరితోట పక్కకు వచ్చేసేది. విలనుకు మా మేస్త్రీ మీసాలు మొలిచేవి. పాటలు కూడా వదిలేది కాదు. గొంతు బాగుండేదని మాత్రం చెప్పలేను.

అలా చెప్పినవాటిలో మా లైను ప్రాణం పెట్టుకున్నది ఒక అక్కాచెల్లెళ్ల సినిమా. నలుపు తెలుపుది. నా చిన్నప్పుడు వచ్చి, కొన్నాళ్లు ఆడి వెళ్లిపోయింది. చెల్లెలిని పెంచి పెద్దచేసిన అక్కకు తాగుబోతు మొగుడు దొరుకుతాడు. వాడు పెట్టే బాధలన్నీ పడుతుంది. ఆఖరున ఒక పొద్దున వాడు చెంబు తీసి ఆమె మీదికి విసురుతాడు. అక్క ఆ చెంబును తీసి, శుభ్రంగా కడిగి, గట్టు మీద బోర్లించి, తలుపు దగ్గరగా వేసి, పొల్లాచ్చి బస్సెక్కి వెళ్లిపోతుంది. అంతే, శుభం.

ఆ ముగింపును మావాళ్లు ఎన్నిసార్లు చెప్పించుకున్నారో లెక్కలేదు. చివరికి అది మా లైనులో సామెత అయి కూర్చుంది. ఎవరింట్లోనైనా మొగుడు గొంతు పెంచితే, లోపలినుంచి "చెంబు బోర్లించేస్తా, చూసుకో" అని వినిపించేది. ఆ మాటతో మగవాళ్లు కొంత అణిగేవారు. ఒకాయనైతే ఇంట్లో చెంబులే లేకుండా చేసి గ్లాసులు కొన్నాడు.

ఒక్కరు మాత్రం ఊరికే అనలేదు, చేసి చూపించారు. మూలింట్లో ఒకామె ఉండేది. ఆమె మొగుడూ ఆ సినిమాలోవాడి లాంటివాడే. ఒక పొద్దున మూలింటామె నిజంగానే పొల్లాచ్చి బస్సెక్కి పుట్టింటికి పోయింది. కొన్నేళ్ల తర్వాత ఇడ్లీ కుండతో తిరిగొచ్చి సింగానల్లూరు బస్టాపు ఎదురుగా అంగడి పెట్టుకుంది. మిల్లు సగం ఆమె ఇడ్లీల మీదే నడిచేది. మొగుడి సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇలా ఉండగా ఆ సినిమాను రంగుల్లో మళ్లీ తీశారని గోడల మీద పోస్టర్లు పడ్డాయి. లైనంతా భగ్గుమంది.

"మన అక్కను మళ్లీ తీసేకి వీళ్లెవరు?"

"పోస్టర్లో దాని చేతులు చూడు. ఎప్పుడైనా పిండి రుబ్బినాయా అవి?"

అత్త మాత్రం ఎక్కువ మాట్లాడలేదు. "కొత్త పడం ఎవరు చూస్తారు, పోవద్దండి" అని గొణిగింది. పాతదాని మీద అభిమానం అనుకున్నాం. ఆదివారం ఎలాగో వీలు చేసుకుని అందరం కలిసి బయలుదేరితే, తలనొప్పి అని ఇంట్లో పడుకుంది.

కొత్త సినిమాలో కొండల మీద గొడుగులు పట్టుకుని పాట పాడారు. ఓర్చుకున్నాం. ఆఖరున తాగిన మొగుడి మీదికి లారీ వస్తుంటే అక్క అడ్డంపోయి వాడిని కాపాడి, వాడి కాళ్లు కళ్లకద్దుకుని ప్రాణం విడిచింది. చెంబూ లేదు, బస్సూ లేదు. మూలింటామె బెంచీ మీదికెక్కి, "అక్కని చంపేసిండారే, పాపిష్టోళ్లు!" అని అరిచింది. నాకూ ఒళ్లు మండిపోయింది. అందరం పోయి మేనేజరు గది ముందు నిలబడ్డాం.

మేనేజరు నెరిసిన పెద్దమనిషి. మా గోల అంతా విని, పాతదాంట్లోనూ ఆమె చచ్చిపోతుందమ్మా, ఆ రీళ్ల పెట్టె ఆడించింది నేనే కదా అన్నాడు తమిళంలో. మావాళ్లు పకపకా నవ్వారు. పాపం, వయసైపోయింది అన్నారు. ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. పాత పెట్టె తెప్పించి పొద్దుటి ఆట వేస్తాను, మీ కళ్లతో మీరే చూడండి అని సవాలు చేశాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి అత్తకు గొప్పగా చెప్పాను. బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టేసింది.

"పాపా, ఆ మనిషి చెప్పింది నిజమే. అక్క చచ్చిపొయ్యేదే."

"మరి చెంబు?"

"చెంబు నాదే."

"బస్సు?"

"అదీ నాదే."

అత్త తనంతట తానే చెప్పుకొచ్చింది. "ఆ పొద్దు మూలింటి అమ్మి కన్ను వాచి పంపు కాడ కూచుని ఉండాది. ముడివు ఏమి వదినా, కడాకు అక్క ఏమాయె అనింది. ఆ మొగం చూసి, మొగుడి కాళ్లు మొక్కి చచ్చిపోయె అని ఎట్ల చెప్పేది? నోటికి బస్సు వచ్చింది, ఎక్కించేసినా." చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుని, "పావం, దాన్ని నమ్మి అది నిజంగా ఎక్కింది పాపా. ఇప్పుడు అట్లాంటి బస్సే లేదని తెలిస్తే ఏమనుకుంటాది?" అంది.

సినిమా పెట్టె రాకుండా ఉంటే పొంగలి పెడతానని అత్త మారియమ్మకు మొక్కుకుంది. పెట్టె వచ్చింది. అమ్మవారికీ ఆ సినిమా చూడాలని ఉందేమో!

ఈసారి అత్త తప్పించుకోలేదు. మంచి సుంగుడి చీర కట్టుకుని వచ్చింది. మూలింటామె ఆమెను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. అరిటాకులో ఇడ్లీలు కూడా కట్టుకొచ్చింది. ఆట మొదలైంది. కొబ్బరితోట లేదు. మేస్త్రీ మీసాలూ లేవు. మావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆఖరికి లారీ వచ్చింది, అక్క చచ్చిపోయింది. దీపాలు వెలిగాయి. ఎవరూ లేవలేదు. అత్త కొంగు వేళ్లకు చుట్టుకుంటూ నేల చూస్తోంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

ముందుగా మూలింటామె లేచింది. గేటు దగ్గర మేనేజరు గెలిచిన మొహంతో నిలబడి ఉన్నాడు. ఏమ్మా, చూశారా అన్నాడు. ఆమె తమిళంలో నింపాదిగా జవాబు చెప్పింది. చూశాం సార్, పాతదీ తప్పుగానే తీశారు అంది.

"ఆమా, ఆమా" అని మావాళ్లందరూ ఒక్క గొంతుతో ఔనన్నారు. మేనేజరు తల కొట్టుకుని గేటు తెరిచాడు. పాపం, మంచివాడే.

తిరుగు బస్సులో మళ్లీ ప్రాణాలు లేచొచ్చాయి. "వదినా, సరైన ముడివు చెప్పు, ఈ దరిద్రం పోతాది" అని అందరూ అత్త వెంటపడ్డారు. అత్త కిటికీ వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. మూలింటామె ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఉండు వదినా. ఇది నేను చెప్తా."

చెప్పింది. "చెంబు బోర్లించి వచ్చేసింది. బస్సులో సీటు లేదు. కొబ్బరికాయల మూట పక్కన నిలుచుకునే పోయింది. కినత్తుకడవు దాటేదాకా ఏడుస్తానే ఉండాది. ఆడికి పోయినాక ఆకలేసింది. ఒక ముసలామె ఒడిలో ఇడ్లీలు ఉండాయి, ఒకటి తీసిచ్చింది."

ఇవేవీ అత్త ఎప్పుడూ చెప్పినవి కావు. పంపు దగ్గర మేమందరం కూర్చున్నట్టే, అత్త మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆమె మొహంలోకే చూస్తూ వింటోంది.

"అప్పుడు?" అని అడిగింది.