బూడిద తిన్న కంచె

మా మరదలు ఏ మొక్కకైనా పొయ్యిలోని బూడిదే వేసేది. "తిను బిడ్డా, బలమొస్తది" అనేది.

ఆమె కొడుకు జ్వరంతో పోవడానికి నెల ముందు, పండ్లూ కాస్తాయని ఇంటి చుట్టూ కంచెగా నలభై రెండు బ్లూబెర్రీ మొక్కలు నాటాడు. వాటినీ ఆమె అలాగే సాకింది. వెళ్లినప్పుడల్లా నేను లెక్కపెట్టేదాన్ని. దసరాకు ముప్పై ఒకటి, శివరాత్రికి తొమ్మిది. ఉగాదికి ఒక్కటీ బతికి లేదు.

ఆ రోజే వాడి నోటుబుక్కులో చదివాను: "బ్లూబెర్రీకి పులుపు నేల కావాలి. బూడిద వేస్తే చస్తుంది."

బయటికొచ్చాను. మరదలు ఎండిన మోడు దగ్గర బూడిద తట్టతో కూర్చుని ఉంది.

"వాని చెట్లకు నేనేం తక్కువ చేసిన వదినా?"

"ఏం తక్కువ చేయలే. ఎండలెక్కువైనయ్."

"అవ్, ఎండలే" అంటూ తట్టలో మిగిలిన బూడిదంతా ఆ మోడు మొదట్లోనే పోసింది.