తప్పు నాది, మళ్ళీ మొదటినుంచి

కంచరపాలెం చర్చి క్వయర్‌లో పాట ఎవరు పాడుచేసినా తప్పు మాత్రం జ్ఞానశేఖర్ మాస్టారిదే. ఆ మాట అనేదీ ఆయనే. చేతిలో సన్నటి పుల్ల పైకెత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, "ఆగండి! తప్పు నాది. మళ్ళీ మొదటినుంచి!" అనేవారు. రైల్వేలో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసిన మనిషికి తప్పులు ఒప్పుకునే అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు.

పాట మధ్యలో గూడ్సుబండి కూత పెట్టినా తప్పు ఆయనదే. ఓ పెళ్ళిలో అయితే మరీను. పెళ్ళికూతురు సగం దూరం నడిచి వచ్చాక పాట చెదిరింది. "తప్పు నాది. మళ్ళీ మొదటినుంచి!" పాపం ఆ పిల్ల తనకే చెప్పారనుకుని వెనక్కి తిరిగి గుమ్మం దాకా వెళ్ళిపోయింది.

ఆ రోజు క్వయర్‌లో అందరికన్నా ఎక్కువ సిగ్గుపడింది కృపావతి. పోర్టు ఆఫీసులో టైపిస్టు. మంచి గొంతు, ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు. నాలుగు గొంతుల్లో ఇంగ్లీషు కీర్తనలు పాడే క్వయర్‌కి తాళం నిలవని మాస్టారేమిటని ఆమె బాధ. ఓ అర్జీ టైపు చేసింది: "మాస్టారికి తాళం తప్పుతున్నది గనుక విశ్రాంతి ఇప్పించగలరు." ఏడు సంతకాలు పోగుచేసి, పాస్టరుగారికి ఇద్దామని పాటల పుస్తకంలో దాచింది.

ఇంతలో మాస్టారికి కొత్త పిచ్చి పట్టింది. 1981 క్రిస్మస్‌కి జాలర్లు వల లాగే పాట వరసలో ప్రభువు పాట పాడించాలట. నేర్పడానికి పైడయ్య అనే ముసలి జాలరిని వెంటబెట్టుకొచ్చారు.

పైడయ్య బెంచీ మీద కూర్చుని నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు.

"రాదు బాబూ. సేతిలో తాడు నేదు గదా! తాడు లాగితేనే పాటొస్తాది."

మాస్టారు పరుగెత్తి బావి చేంతాడు తెచ్చి ఓ కొస స్తంభానికి కట్టారు. క్వయర్‌లోని పన్నెండుమందీ పట్టుకున్నారు. పైడయ్య పాట అందుకుంటే వీళ్ళు ఒక్క ఊపున లాగాలి, పాడాలి, ఒక్కసారే వదలాలి. మూడో ఊపుకే పాట చెదిరింది.

"ఆగండి! తప్పు నాది," అన్నారు మాస్టారు.

"మీరు తాడే ముట్టుకోనేదు, మీది తప్పేటి బాబూ?" అన్నాడు పైడయ్య. "తాడు అబద్దవాడదు. అందరూ వొగ్గీసినాక ఈయమ్మొకర్తే ఇంకా లాగతంది."

అందరూ చూశారు. కృపావతి చేతిలో తాడు బిగిసే ఉంది, నోట్లో రాగం సాగుతూనే ఉంది. ఆమెకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అందరూ వెళ్ళాక అడిగింది.

"మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"ఆరేళ్ళ నుంచీ తెలుసునమ్మా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే భయపడుతూ పాడతావు. అప్పుడు నీ గొంతు నీ గొంతులా ఉండదు. నాకు తాళం రాదని పేరొస్తే ఏం పోయింది, నాకు పాడే గొంతే లేదాయె!"

ఆమె అర్జీ చింపేద్దామని బయటికి తీసింది. ఏడు సంతకాల కింద ఎనిమిదోది ఉంది: జ్ఞానశేఖర్.

"మొన్న పుస్తకం బెంచీ మీద మరిచిపోయావు. ఎవరిదా అని తెరిస్తే ఈ కాగితం. ఇంతమంది పెట్టారు, నేను పెట్టకపోతే బాగుండదని..."

నేల చీలి మింగేస్తే బాగుండుననిపించింది కృపావతికి. కాగితం నాలుగు ముక్కలు చేసింది గానీ, సిగ్గు మాత్రం ఇంటిదాకా వెంట వచ్చింది.

క్రిస్మస్ ఉదయం చర్చి కిటకిటలాడింది. పైడయ్య ముందు బెంచీలో కూర్చున్నాడు. అతనిచ్చిన జానెడు తాడుముక్క కృపావతి పిడికిట్లో ఉంది. పాడింది, ఎక్కడ వదలాలో సరిగ్గా అక్కడ వదిలింది. ఆరేళ్ళలో మొదటిసారి విన్న ఆ వింతకి మాస్టారు మైమరచిపోయి, ఆపమని పుల్ల దించడం మరిచారు. దాన్నే చూస్తున్న పదకొండు గొంతులూ తలోదిక్కుకు సాగిపోయాయి. పాట చెదిరింది.

మాస్టారి ముఖం ఎర్రబడింది. ఈసారి తప్పు నిజంగానే ఆయనది. నోరు తెరిచేలోగా కృపావతి ఒకడుగు ముందుకు వేసింది.

"ఆగండి! తప్పు నాది. మళ్ళీ మొదటినుంచి."

ముందు బెంచీలో పైడయ్య తల అడ్డంగా ఊపాడు గానీ, ఈసారి నోరు మెదపలేదు.